గాలివానకు ముందు గృహమును సిద్ధపఱచుట



గాలివాన యను మాట వినఁగానే మనకు మచిలీపట్టణమో, దివిసీమయో, విశాఖపట్టణమో జ్ఞప్తికి వచ్చును. తాటిచెట్లు నేలకు వంగుటయు, సముద్రము పొంగుటయు, పడవలు విఱిగి యొడ్డునఁ బడుటయు మనస్సునకుఁ దోఁచును. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములయందు నివసించు మనకు సముద్రము దాదాపు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. మన నేల సముద్రమట్టమునకు 500 మీటర్లకుఁ బైగా ఎత్తున నున్నది. కాఁబట్టి గాలివాన కోస్తావారి కష్టమే గాని మనది కాదని పెక్కురు తలంతురు. ఈ తలంపు సగమే నిజము. సముద్రపుటుప్పెన మన గడపను ముట్టదు. ఆ గాలివాన మోసికొని వచ్చు నీరు మాత్రము అనేకపర్యాయములు మన గడపను ముట్టినది, ఇఁకముందును ముట్టఁగలదు. ఆ నీరు వచ్చునాఁటికి మన యిల్లు ఎట్లు సిద్ధపడి యుండవలెనో తెలిసికొనుటయే యీ పాఠముయొక్క యుద్దేశము.

1. గాలివాన పుట్టుక

సముద్రోపరితలము దాదాపు 26.5 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి వేడెక్కినప్పుడు, దానిమీఁది గాలి నీటియావిరితోఁ గూడి తేలికయై పైకి లేచును. అచ్చట పీడనము తగ్గును. చుట్టుపట్లనున్న గాలి ఆ తావునకుఁ బరుగిడును. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచే నా గాలి తిన్నగా రాక, ఉత్తరార్ధగోళమున గడియారపు ముండ్లు తిరుగు దిశకు ఎదురుగా సుడి తిరుగుచు వచ్చును. పైకి లేచిన యావిరి చల్లబడి నీరగునప్పుడు తనలోని వేడిని విడుచును. ఆ వేడియే సుడిని మఱింత వడిగాఁ ద్రిప్పును. ఇట్లు వెచ్చని సముద్రమే గాలివానకు పొయ్యియును, కట్టెలును అగుచున్నది. దీనిని అట్లాంటిక్ తీరములవారు హరికేను అనియు, చైనా జపాను దేశములవారు టైఫూను అనియుఁ బిలుతురు. మనము తుపాను అందుము. బంగాళాఖాతమున నిది విశేషముగా వేసవి చివరను, మరల అక్టోబరు మొదలు డిసెంబరు వఱకును బుట్టుచుండును.

భారత వాతావరణశాఖవారు దీనిని గాలివేగమునుబట్టి విభజించుచున్నారు. గంటకు 31 మొదలు 49 కిలోమీటర్ల వఱకు వేగమున్నచో వాయుగుండము. 50 మొదలు 61 వఱకు తీవ్ర వాయుగుండము. 62 ముట్టినచో తుపాను. తుపానైన పిదపనే దానికి పేరు పెట్టుదురు.

ఒడ్డు దాఁటి భూమిమీఁదికి వచ్చినతోడనే పొయ్యిలోని కట్టెలు లాగివేసినట్లగును. గాలి తగ్గిపోవును. అయినను మేఘములు మోయుచున్న నీరు ఒక్కసారిగా మాయము కాదు. అది లోపలి సీమలకు వచ్చి కురియును. అందుచే మన ప్రాంతమునకు తుపాను తన పేరును, బలమును గోల్పోయిన తరువాతనే వచ్చుచుండును. పత్రికలో "తుపాను బలహీనపడెను" అను వార్త చదివి, ఇఁక భయము లేదని నిద్రించుట మనవంటివారికిఁ దగదు.

2. మన నేల, మన నీరు

మన ప్రాంతము గ్రానైటు ఱాతినేల. పైమన్ను పలుచన, క్రింద ఱాయి. చినుకు కొంతవఱకే యింకును, మిగిలినది పల్లమునకుఁ బాఱును. ఇది యెఱిఁగియే మన పూర్వులు పల్లములకు అడ్డముగా కట్టలు వేసి, చెఱువు వెంబడి చెఱువుగా గొలుసువలెఁ గట్టిరి. పైచెఱువు నిండి మత్తడి దుంకినప్పుడు ఆ నీరు వాగువెంటఁ బోయి క్రిందిచెఱువును జేరును. శామీర్‌పేట పెద్దచెఱువు మొదలు మన గ్రామములలోని చిన్న కుంటల వఱకు వీని పని యిదియే: వాననీటిని ఆఁపుట, నిలువచేయుట, మెల్లగా విడుచుట.

ఈ గొలుసులో నొక్క కడియము తెగినను దాని క్రిందివన్నియు నాపదలోఁ బడును. చెఱువు శిఖములో నిండ్లు కట్టినప్పుడును, వాగు మోరియై, మోరి చెత్తతోఁ బూడినప్పుడును, నీరు తన పాతదారినే వెదకికొనును. ఎండకాలమున జనులు చెఱువుహద్దును మఱతురు గాని, చెఱువు మఱవదు.

ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము. ఒక చదరపు మీటరు స్థలమున ఒక మిల్లీమీటరు వాన కురిసినచో నది సరిగా ఒక లీటరు నీరగును. మీ యింటికప్పు 100 చదరపు మీటర్లు అనుకొనుఁడు. 200 మిల్లీమీటర్ల వాన కురిసినచో నా కప్పుమీఁదనే 20,000 లీటర్లు పడును; అనఁగా మన వీధులకు వచ్చు 5,000 లీటర్ల ట్యాంకరులు నాలుగు. ఒక ఎకరము చేనిమీఁద నదే వాన 8 లక్షల లీటర్లకు మించును. ఇంత నీరు ఏ దారినిఁ బోవునో ముందుగా నెఱుఁగనివాఁడు, అది వచ్చిన రాత్రి యెఱుఁగఁజాలఁడు.

3. జరిగిన సంగతులు

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. నగరమునకు ఎగువనున్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వర్షము కురిసెను. మూసీ పరీవాహములోనున్న 788 చెఱువులలో 221 తెగెను. ఒకదాని నీరు మఱియొకదానిపైఁ బడి, కట్టవెంట కట్ట తెగి, ఆ నీరంతయు నేకమై నగరముమీఁదికి వచ్చెను. ప్రాణములు గోల్పోయినవారు సుమారు 15,000 మంది యని చెప్పుదురు. అఫ్జల్‌గంజు చెంతనున్న యొక చింతచెట్టు నెక్కి దాదాపు 150 మంది బ్రదికిరి. ఆ చెట్టు నేఁటికిని ఉస్మానియా ఆసుపత్రి యావరణమునఁ జూపుదురు. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును నిర్మాణము పూర్తియయ్యెను.

ఇది పాతకథ యనుకొనరాదు. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ ఉదయమున నొక తీవ్ర వాయుగుండము కాకినాడ సమీపమున తీరము దాఁటెను. అది తుపాను కాలేదు; దానికి పేరైనను లేదు. అయినను నాఁటి సాయంకాలమునుండి మన ప్రాంతమున కుంభవృష్టి కురిసెను. మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని ఘట్‌కేసర్ మండలమున నొకచోట రమారమి 32 సెంటీమీటర్ల వర్షము నమోదయ్యెను. నగరపు దక్షిణభాగమున బండ్లగూడలో పెద్ద గోడ కూలి ఇండ్లపైఁ బడి, లోపలనున్నవారు మరణించిరి. గగన్‌పహాడ్ వద్ద చెఱువు తెగి, నీరు రాజమార్గముమీఁదికి వచ్చెను. నాలుగైదు దినములకు మరల వాన కురియఁగా బాలాపూర్ ప్రాంతమున గుఱ్ఱం చెఱువు తెగి, వీధులెన్నియో మునిఁగెను.

మన కింకను దగ్గఱి సంగతి మఱియొకటి కలదు. 2024వ సంవత్సరము మే 7వ తేదీ సాయంకాలమున గాలివాన వచ్చినప్పుడు, మన జిల్లాలోని బాచుపల్లిలో నిర్మాణములోనున్న కట్టడపుగోడ కూలి, దానిచెంత రేకుల గుడిసెలలో నివసించు ఇతర రాష్ట్రముల కూలీలు ఏడుగురు మరణించిరి. వారిలో నాలుగేండ్ల బాలుఁడు ఒకఁడు.

ఈ మూఁడు సంగతులను బరిశీలింపుఁడు. గాలి విసరి చంపినవారు వీరిలో దాదాపు లేరు. చెఱువుకట్టయు, గోడయు, పరుగెత్తు నీరును మనుష్యులను జంపినవి. వీనిలోఁ బెక్కింటిని వాన రాకముందే కంటితోఁ జూడవచ్చును.

4. సన్నాహమువలనఁ గలుగు ఫలము

ప్రకృతి ముందఱ మన సన్నాహ మేపాటిది యని కొందఱు నిరాశఁ జెందుదురు. వారికి మన తెలుగుతీరమే ప్రత్యుత్తర మిచ్చుచున్నది. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. పదమూఁడేండ్లకు, 1990వ సంవత్సరము మే మాసమున, కృష్ణాతీరమునకే మరల మహాతుపాను వచ్చెను. ఈ పర్యాయము హెచ్చరికలు ముందుగా నందినవి. లక్షలకొలఁది జనులను ఎత్తయిన చోట్లకుఁ దరలించిరి. అప్పుడు మృతులు వేయికి లోపుగనే యుండిరి. ఆ సంఖ్యయు దుఃఖకరమే. అయినను రెండు సంఖ్యల నడుమనున్న వ్యత్యాసమును మనము గమనింపవలెను. ఆ వ్యత్యాసమునకు ముఖ్యకారణము ముందుచూపు.

5. ఇంటిలోఁ జేయవలసిన పనులు

(అ) ఎండకాలమునందు. గాలివాన సన్నాహము మేఘము లేని దినముననే యారంభింపవలెను. ఇంటిచుట్టునున్న మోరీలలోని చెత్తను దీసివేయుఁడు. మిద్దెమీఁది నీరు దిగు గొట్టములలో ఆకులు లేకుండఁ జూడుఁడు. ప్రహరీగోడ ఒరిగినదా, బీటలు వాఱినదా చూడుఁడు. అడుగున నీరు పోవుటకు రంధ్రములు లేని గోడవెనుక నీరు నిలిచి, దానిని త్రోసివేయును. రేకులయిల్లు గలవారు రేకులను మరలతో బిగింపవలెను. రేకులమీఁద బండలు మోపుట మన గ్రామములలో వాడుక. పెనుగాలికి రేకు లేచినచో నా బండ లోపలివారి తలమీఁదనే పడును. ఇంటిపైకి వ్రాలిన యెండుకొమ్మలను గొట్టించుఁడు. తీఁగలకు దగ్గఱనున్న కొమ్మలను మాత్రము విద్యుచ్ఛాఖవారే కొట్టవలెను. మీ యింటికి ఎగువ నే చెఱువున్నదో, అది నిండిన నీరు ఏ దారిని దిగునో తాతనో, అవ్వనో అడిగి తెలిసికొనుఁడు.

(ఆ) హెచ్చరిక వచ్చినప్పుడు. వాతావరణశాఖవారు మూఁడు రంగులతో హెచ్చరింతురు. పసుపు రంగు, కనిపెట్టి యుండుఁడని, నారింజరంగు, సిద్ధపడుఁడని, ఎఱుపు, కార్యమునకుఁ బూనుఁడని. ఒకదినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వఱకుఁ గురిసిన భారీవర్షమనియు, అటుపైని 204.4 వఱకు అతిభారీ యనియు, దానిని మించిన అత్యంతభారీ యనియు వారి పరిభాష. నారింజరంగు కనఁబడిన నాఁడు ఈ క్రింది వస్తువులను ఒక్కచోట నుంచవలెను.

త్రాగునీరు: మనిషికి దినమునకు నాలుగు లీటర్ల చొప్పున మూఁడుదినములకు. అయిదుగురున్న యింటికి 60 లీటర్లు. అనఁగా మూఁతగల బిందెలు నాలుగైదు. కరెంటు పోయినచో బోరు నడువదు. వరదనీరు చేరినచో సంపులోని నీరు పనికిరాదు.

ఆహారము: అటుకులు, మరమరాలు, పుట్నాలు, బెల్లము, బిస్కత్తులు, చంటిబిడ్డకుఁ గావలసినవి.

మందులు: పెద్దలు నిత్యము వాడు మాత్రలు వారమునకు సరిపడునవి, గాయములకు మందు, గుడ్డపట్టీలు.

వెలుతురు: టార్చిలైటు, క్రొత్త బ్యాటరీలు, సెల్‌ఫోనును, పవర్‌బ్యాంకును నిండుగాఁ జార్జి చేసికొనుట.

పత్రములు: ఆధార్‌కార్డు, రేషన్‌కార్డు, పట్టాదారు పాసుపుస్తకము, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలోఁ గట్టి అటకమీఁద నుంచుట.

బియ్యపుసంచులు, పఱుపులు, ఇన్వర్టరు బ్యాటరీ ఎత్తునకుఁ జేర్పవలెను. సెల్లారులోని వాహనములను వాన రాకమునుపే పైకిఁ దేవలెను. నీరు దిగుచున్న సెల్లారులోనికి వాహనముకొఱకుఁ బోవుట ప్రాణముమీఁదికిఁ దెచ్చుకొనుటయే. పశువులను మెట్టకుఁ దోలుఁడు. తోలుటకు వీలు లేనిచోఁ బలుపులు విప్పివేయుఁడు.

(ఇ) వాన కురియుచున్నప్పుడు. మట్టిగోడలు, ప్రహరీగోడలు ఉన్న ప్రక్క నెవరును బరుండరాదు. నీరు గడపకు సమీపించినప్పుడు, పొడిచేతులతో మెయిన్‌స్విచ్చి నాఁపవలెను. స్విచ్చిబోర్డున్న గదిలోనికి నీరు వచ్చియున్నచో దానిని ముట్టరాదు. గ్యాస్ రెగ్యులేటరును మూయవలెను. ఉఱుము వినఁబడినంతసేపు చెట్టుక్రింద నిలువరాదు. కడపటి యుఱుము వినఁబడిన తరువాత 30 నిమిషములు లోపలనే యుండుట క్షేమము.

వీధిలో నీరు నిలిచినదని కొందఱు మ్యాన్‌హోలు మూఁతలను దీయుదురు. ఆ నీటిక్రిందనున్న గోతిని ఎదుటినుండి వచ్చు బాలుఁ డెఱుఁగఁడు. ఆ పని ఎన్నఁడును జేయరాదు. తప్పక నడువవలసి వచ్చినచోఁ జేతికఱ్ఱతో నేలను దడవుచు నడువవలెను. పాఱెడు నీరు 15 సెంటీమీటర్ల లోతున్నను మనిషిని పడఁద్రోయఁగలదు. 30 సెంటీమీటర్లున్న చిన్న మోటారుకారును గదలింపఁగలదు. 60 సెంటీమీటర్లున్నచోఁ బెక్కు వాహనములను గొట్టుకొనిపోఁగలదు. వాగు వంతెనమీఁదుగాఁ బాఱుచున్నప్పుడు దాఁటువాఁడు ధైర్యశాలి కాఁడు. సాయమునకు 112, వైద్యమునకు 108, తెగిన కరెంటుతీఁగలగుఱించి 1912 నంబరులకు ఫోను చేయవలెను.

(ఈ) వాన వెలిసిన పిదప. నీరు తీసిన యింటిలోఁ బాములు, తేళ్లు దాఁగియుండును. కఱ్ఱతోఁ గదలించి చూడక చేయి పెట్టరాదు. విద్యుత్పనివాఁడు పరీక్షింపనిదే మెయిన్‌స్విచ్చి వేయరాదు. నీటిని మరిగించియే త్రాగవలెను. విరేచనములు పట్టుకొన్నచో, మరిగించి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు సమమైన చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును గలిపి, కొంచెము కొంచెముగాఁ ద్రావించుచు వైద్యునియొద్దకుఁ గొనిపోవలెను. నానిన గోడలు ఎండ కాయునప్పుడు కూలుటయుఁ గలదు. కాఁబట్టి వాన వెలిసెనుగదా యని తొందరపడి వానిచెంతకుఁ బోవలదు.

6. ఎవరి పని వారిది

ఆపత్సమయమున "ఎవరైనఁ జేయుదురులే" యను మాటవలన నెవరును జేయకుందురు. కావున ముందుగనే పనులు పంచుకొనుఁడు. తండ్రి మెయిన్‌స్విచ్చి, గ్యాసు చూచుకొనవలెను. తల్లి నీరు, మందులు. పెద్దపిల్లలు పత్రములసంచియు, టార్చిలైటును. చిన్నపిల్లలు అవ్వను, తాతను చేయిపట్టి నడిపింపవలెను. ఇల్లు విడువవలసి వచ్చినచో నెచ్చటఁ గలిసికొనవలెనో యొకచోటు నిర్ణయించుకొనుఁడు.

మన గడపతోనే మన ధర్మము తీరదు. మనచుట్టు క్రొత్త కట్టడములయొద్ద గోడలప్రక్క గుడిసెలు వేసికొని కూలీలు కాపురముండుచున్నారు. వారికి మన భాష రాదు, వార్తలు అందవు, మన చెఱువులు తెలియవు. నారింజరంగు హెచ్చరిక వచ్చిననాఁడు వారియొద్దకుఁ బోయి, చేసైగతోనైనను గోడను జూపి, ఆ రాత్రికి దూరముగా నుండుఁడని చెప్పవలెను. పాఠశాల, దేవాలయము, గ్రామపు సమావేశమందిరము మొదలైనవాని తాళపుచెవి రాత్రివేళ నెవరియొద్ద నుండునో వానకాలమునకు ముందే తెలిసికొని, అందఱికిఁ దెలియఁజేయుట పెద్దల విధి.

మత్తయి సువార్తయందలి యిద్దఱు గృహస్థుల యుపమానము మీరెఱుఁగుదురు. బండమీఁది యింటికిని, ఇసుకమీఁది యింటికిని అదే వాన కురిసెను, అదే గాలి కొట్టెను, అవే వరదలు వచ్చెను. బుద్ధిమంతునిపై వాన తక్కువగాఁ గురియలేదు. వ్యత్యాసమంతయు వాన రాకమునుపు, ఎండ కాయుచున్న దినములలోనే కలిగినది. ఆ దినములు ఇప్పుడు మన చేతులలో నున్నవి.

అభ్యాసము

1. మీ యింటికప్పు పొడవు వెడల్పులను మీటర్లలోఁ గొలిచి, 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో దానిపైఁ బడు నీరెన్ని లీటర్లో లెక్కింపుఁడు.

2. నిలువుప్రక్కలుగల డబ్బాను బహిరంగస్థలమున నుంచి, వాన కురిసిన ప్రతి దినమును స్కేలుతో నీటిలోతును గొలిచి వ్రాసి, మఱునాఁటి పత్రికలోని సంఖ్యతోఁ బోల్చుఁడు.

3. మీ యింటినుండి వాననీరు ఏ మోరి, ఏ వాగు, ఏ చెఱువు వెంబడి పోవునో పెద్దలతోఁ గూడ నడచి చూచి, పటము గీయుఁడు. దారిలో నెచ్చట అడ్డులున్నవో గుర్తింపుఁడు.

4. మీ యింటివారందఱు కూర్చుండి ఎవరి పని యేదో నిర్ణయించి, ఒక కాగితముమీఁద వ్రాసి, ద్వారమువెనుక నంటింపుఁడు.